పట్టాయా, పనితనమా?

1948లో ‘జల ఉష’ యను నౌక విశాఖలో నీట దిగిననాటినుండి ఓడలు కట్టు పని మన పట్టణపు బిడ్డలకొక జీవనోపాధియైనది. నేడు ఓడపలకలను కలుపునది వెల్డింగు. కంచరపాలెము మొదలగు చోట్ల నున్న ఐ.టి.ఐ.లలో వృత్తులు నేర్చినవారికి, దేశమంతటికి నొక్కటియైన పరీక్ష జరిపి ధ్రువపత్రము నిచ్చుచున్నారు. పత్రముండియు, పనిలో చేర్చుకొనువారు మరల పరీక్షింతురేల యని తల్లులు నొచ్చుకొనుట మేమెరుగుదుము.

కారణము కలదు. ఆవకాయ యెఱ్ఱదనము చూచి, ఊరినదో లేదో చెప్పగలమా? అట్లే అతుకు పైకి నున్నగా నుండియు లోపల గాలిబుడగలు పట్టి యుండవచ్చును. దానిని వంచి చూడవలెను, ఎక్స్-రే తీయవలెను. బల్లమీద చక్కగా నతికినవాడు తలపైనున్న పలకను నతుకగలడని నమ్మరాదు. దేని పరీక్ష దానిదే. ఇనుము, కడ్డీలు, కాలము వ్యయమగునని ఈ పరీక్షను కుదించినను, పేదపిల్లవాడని జాలిపడి యుత్తీర్ణుని చేసినను, ఆ దయ నడిసముద్రమున పరుల ప్రాణములమీదికి వచ్చును. అంతకు ముందే ఆ పిల్లవాని బ్రతుకు మీదికి వచ్చును.

కావున మార్కులెన్ని యని కాక, “నాయనా, వంచినపుడు నీ యతుకు నిలిచినదా?” యని యడుగుదము. నిలువనిచో, పట్టాకు తొందరపడక, మరల నేర్పుమని గురువును కోరుదము.