గ్రీజు గన్నుతో కుదరని రోగం

డోజర్ చైన్ వదులైందని ఆపరేటర్ చెప్పగానే షెడ్డులో మొదట చేతికొచ్చేది గ్రీజు గన్ను. ముందు చక్రం ఐడ్లర్‌ను నెట్టే అడ్జస్టర్‌లోకి నాలుగు పంపులు కొడతారు. చైన్ బిగుస్తుంది, బండి పనిలోకి పోతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే వదులు, మళ్లీ అదే గన్ను. అసలెందుకు వదులైందని అడిగేవాళ్లు తక్కువ. అడగనందుకు పడే బిల్లు మాత్రం లక్షల్లో ఉంటుంది.

పత్రికల్లో బుల్డోజర్ అంటూ వచ్చే ఫొటోల్లో చాలావరకు టైర్ల మీద నడిచే జేసీబీలే. అసలు డోజర్ గనుల్లో, కాలువ పనుల్లో, రిజర్వాయర్ కట్టల మీద కనిపిస్తుంది, ఇనుప చైన్ల మీద పాకుతూ. దాని జీవితకాలంలో మరమ్మతులకయ్యే ఖర్చులో దాదాపు సగం ఆ కింది భాగమే తినేస్తుందని తయారీ కంపెనీలే ఒప్పుకుంటాయి. ఇంజిన్ ఆయిల్ మార్చిన తేదీ ప్రతి సైటులోనూ పుస్తకంలో రాసి ఉంటుంది. చైన్ ఎంత అరిగిందో రాసిన కాగితం ఉన్న సైట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

చైన్ పుట్టిందే మెత్తని నేల కోసం. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ దగ్గర డెల్టా నేలల్లో ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు కూరుకుపోతుంటే, 1904 నవంబరులో బెంజమిన్ హోల్ట్ చక్రాలు తీసేసి చెక్క పలకల పట్టాలు తొడిగి నడిపి చూశాడు. బరువు పరుచుకుంది, యంత్రం దిగబడలేదు. పలకల చోటికి ఉక్కు షూలొచ్చినా సూత్రం మారలేదు, దానికి చెల్లించే మూల్యమూ మారలేదు. మట్టిలో పొర్లుతూ తిరిగే కీళ్లు ఒక్కో వైపు నలభై దాకా ఉంటాయి, ప్రతి కీలూ అరుగుతుంది.

ఒక్కో కీలులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు. వెనకనున్న స్ప్రాకెట్ పళ్లు ఆ బుష్షులను పట్టి చైన్‌ను లాగుతాయి. పిన్నూ బుష్షు లోపలి భాగమూ అరిగేకొద్దీ రెండు కీళ్ల మధ్య దూరం పెరుగుతుంది. షెడ్డుల్లో దీన్నే చైన్ సాగిందంటారు. నిజానికి ఉక్కు సాగదు, సందు పెరుగుతుంది. ఒక్కో లింకు దగ్గర 3 మిల్లీమీటర్లు పెరిగిందనుకుంటే, 40 లింకుల చైన్ 12 సెంటీమీటర్లు పొడుగవుతుంది. గ్రీజు కొడితే ఆ పొడుగు కంటికి కనబడకుండా పోతుంది, లింకుకూ లింకుకూ మధ్య దూరం అలాగే ఉంటుంది. అరిగిన సైకిల్ చైన్ పళ్ల మీద ఎగిరినట్టే, ఇక్కడా బుష్షు పంటి మొదట్లో కూర్చోకుండా పైపైకి పాకుతుంది. పళ్లు సన్నబడి సూదుల్లా తేలతాయి. అది చూసి స్ప్రాకెట్ ఒక్కటే కొత్తది వేస్తారు. పాత చైన్ ఆ కొత్త పళ్లను కూడా త్వరలోనే నమిలేస్తుంది.

కాబట్టి వదులైన చైన్‌ను చూసి మెకానిక్ మొదట తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: అడ్జస్టర్ కారుతోందా, చైన్ సాగిందా? అడ్జస్టర్ మూత తీసి చూస్తే లోపల గ్రీజు వెళ్లగక్కి ఉంటే సీలో వాల్వో పోయినట్టు. అది చిన్న పని. లోపల పొడిగా ఉండి కూడా చైన్ వదులవుతుంటే టేపు తీయాలి. స్ప్రాకెట్ పళ్ల సందులో పిన్నొకటి అడ్డం పెట్టి, బండిని మెల్లగా వెనక్కి నడిపితే పైనున్న చైన్ బిర్రుగా లాగుకుంటుంది. అప్పుడు చైన్ రెండు కొసలనూ కలిపే మాస్టర్ లింకును వదిలేసి నాలుగు లింకుల పొడవు కొలిచి, నాలుగుతో భాగించి, మాన్యువల్‌లోని హద్దుతో పోల్చాలి. కీలు కీలుకూ అరుగుదల మారుతుంది కనుక ఒక్క లింకు కొలత నమ్మదగ్గది కాదు. ఇంత చేసినా అరగంట పట్టదు. చాలా షెడ్డుల్లో దీనికి బదులు జరిగే పని, అడ్జస్టర్ చివరంటా వచ్చేశాక ఒక లింకు పీకేసి చైన్ కుదించడం. పొడవు తగ్గుతుంది, మిగతా ముప్ఫై తొమ్మిది కీళ్ల రోగం అలాగే ఉంటుంది.

వదులు చైన్ ప్రమాదమని అందరికీ తెలుసు. వాలు మీద తిరిగినప్పుడు జారి పడిపోతుంది. బిగువు చైన్ చేసే నష్టం మాత్రం అంత తొందరగా కళ్లబడదు. చైన్ బిర్రుగా ఉంటే ప్రతి పిన్నూ, బుష్షూ, ఐడ్లర్ బేరింగూ, స్ప్రాకెట్‌ను తిప్పే ఫైనల్ డ్రైవూ ఆ లాగుడును రోజంతా మోస్తాయి. ఇంజిన్ శక్తిలో కొంత మట్టిని నెట్టడానికి బదులు చైన్‌ను తిప్పడానికే ఖర్చవుతుంది. అందుకే ఐడ్లర్‌కూ పై రోలర్‌కూ మధ్య చైన్ కొంత కుంగి ఉండాలి. యంత్రాన్ని బట్టి అది రెండు మూడు సెంటీమీటర్ల నుంచి ఐదారు దాకా ఉంటుంది. బండిని ముందుకు నడిపి, బ్రేకు వేయకుండా దానంతటది ఆగనిచ్చి, రెండిటి మీదా ఒక తిన్నని బద్ద పెట్టి కొలవాలి. చేత్తో ఊపి చెప్పే అంచనాలు పనికిరావు.

ఆ కొలత కూడా బండి పనిచేసే నేల మీదే తీయాలి. కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడిలో వానాకాలం పనిచేసే డోజర్‌ను చూస్తే కారణం తెలుస్తుంది. జిగట మట్టి పళ్ల సందుల్లో, బుష్షుల మీద మెత్తుకుని చైన్‌ను దానంతటదే బిగిస్తుంది. శుభ్రంగా కడిగిన బండికి షెడ్డులో సరిగ్గా పెట్టిన కుంగు పొలంలో మాయమవుతుంది. సాయంత్రం దులపకుండా వదిలేస్తే మట్టి తెల్లారేసరికి గట్టిపడి కింది రోలర్లను పట్టేస్తుంది. తిరగని రోలర్ మీద చైన్ రాసుకుంటూ పోతే రోలర్ ఒక పక్క చదునవుతుంది. ఇక అది ఎప్పటికీ సాఫీగా తిరగదు. పార పట్టుకుని మట్టి దులపడం షిఫ్టు చివర చేయాల్సిన పని, మర్నాటి పొద్దుటికి మిగల్చాల్సింది కాదు.

సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో బాధ వేరు. అక్కడ బొగ్గు మీద కప్పుకుని ఉండేది ఎక్కువగా ఇసుకరాయి. తవ్వి తీసేసే ఆ పైపొర (ఓబీ) నుంచి ఇసుక తీసే ప్లాంట్లు కూడా సంస్థ పెట్టుకుందంటే అందులో ఇసుక పాలెంతో ఊహించవచ్చు. క్వార్ట్జ్ రేణువులు గట్టిపరిచిన ఉక్కును కూడా అరగదీస్తాయి. నల్లరేగడి బండికీ ఇసుకరాయి బండికీ ఒకే గంటల లెక్కతో చైన్ మార్చే పద్ధతి ఏ ఇంజనీరింగ్‌కూ అందదు.

నేల తర్వాత ఎక్కువ ప్రభావం చూపేది నడిపే తీరు. ముందుకు నెట్టేటప్పటి కన్నా రివర్స్‌లో లాగేటప్పుడు బుష్షులు పళ్ల మీద ఎక్కువగా ఒరుసుకుంటాయి. డోజర్ పనే ముందుకు నెట్టి ఖాళీగా వెనక్కి రావడం. ఆ రావడం గేరు పెంచి దూకుడుగా సాగితే అరిగేది బుష్షే. ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగినా, రాతి నేల మీద అవసరానికి మించి వెడల్పు షూలు వాడినా నష్టమే. ఇవన్నీ ఆపరేటర్‌కు తెలియనివి కావు. కాకపోతే గంటలకో ట్రిప్పులకో డబ్బు కట్టే కాంట్రాక్టులో నెమ్మదిగా వెనక్కి వచ్చేవాడికి మేస్త్రీ చేతిలో తిట్లే మిగులుతాయి. చైన్ తెగినప్పుడు తప్పు ఆపరేటర్ మీద వేయడం అన్యాయం. ఆ వేగం అడిగింది యజమానే.

పనిగంటల్లోంచి రోజుకు పదిహేను నిమిషాలు తీసి ఆపరేటర్‌కు బండి చూసుకోవడానికి ఇస్తే చాలా రోగాలు మొదట్లోనే దొరుకుతాయి. రోలర్ కింద నూనె మరక ఉంటే సీలు పోయినట్టు. కీళ్లలో నూనె నింపి ఉండే చైనైతే, షిఫ్టు దిగాక పిన్నుల చివరలకు చెయ్యి దగ్గరగా పెడితే అన్నిటికన్నా వేడిగా ఉన్న పిన్నులో నూనె ఎండిపోయినట్టు. షూ బోల్టు ఒకటి వదులైతే దాని పక్కవీ త్వరలో వదులవుతాయి. బుష్షు ఒక పక్కే అరుగుతుంది కాబట్టి, హద్దు దాటకముందే పిన్నులూ బుష్షులూ విప్పి అర చుట్టు తిప్పి వేస్తే అరగని పక్క పనిలోకి వస్తుంది. దీన్నే పిన్-బుష్ టర్నింగ్ అంటారు. కొత్త చైన్ ధరతో పోలిస్తే అది చవక. కానీ అరిగి అరిగి బుష్షు పగిలాక తిప్పడానికి ఏమీ మిగలదు. కొలతలు రాసిపెట్టుకోనివాళ్లకు ఆ అదను ఎప్పుడొచ్చి పోయిందో కూడా తెలియదు.

ప్రాణాల సంగతి కూడా ఉంది. అడ్జస్టర్‌లోని గ్రీజు విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. చైన్ వదులు చేయడానికి వాల్వును ఒక చుట్టు మించి తిప్పితే వాల్వే ఎగిరి రావచ్చు, చిమ్మిన గ్రీజు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవచ్చు. ఎదురుగా నిలబడి, వంగి చూస్తూ తిప్పడం మన షెడ్డుల్లో మామూలు దృశ్యం. అడ్జస్టర్ వెనక నొక్కుకుని ఉండే రికాయిల్ స్ప్రింగును తగిన సాధనాలు లేకుండా విప్పబోవడం అంతకన్నా ఘోరం.

తెలుగు బాగా వినిపించే కోలార్ బంగారు గనుల పట్టణం కేజీఎఫ్‌లోనే బెమెల్ కంపెనీ డోజర్లు తయారవుతాయి. ఏ కంపెనీ బండి కొన్నా అరుగుదల హద్దుల పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, బీరువాలో ఉంటుంది. ఆ ఒక్క పేజీని తెలుగులో అచ్చువేసి క్యాబిన్‌లో అతికిస్తే కంపెనీలకు పోయేదేమీ లేదు. ప్రభుత్వ పనుల టెండర్లలో యంత్రం వయసు అడుగుతున్నప్పుడు చైన్ కొలతల రికార్డు కూడా అడగవచ్చు. ఐటీఐ డీజిల్ మెకానిక్ కుర్రాళ్లకు ఇంజిన్ విప్పడంతో పాటు నాలుగు లింకులు కొలవడమూ నేర్పవచ్చు.

ఆ కొలత తెలియక ఎక్కువగా మునిగేది అప్పు చేసి సెకండ్‌హ్యాండ్ డోజర్ కొనే కుర్రాడే. యార్డులో బండి కొత్త రంగుతో మెరుస్తుంది, చైన్ బిర్రుగా ఉంటుంది. అతను మొదట చూడాల్సింది ఐడ్లర్ ఎంత ముందుకు జరిగిందన్నది. అది తన గాడిలో చివరంటా వచ్చేసి ఉంటే బిగువంతా గ్రీజుదే. తర్వాత స్ప్రాకెట్ పళ్ల మొనలు, బుష్షుల మీద గుంటలు, లింకుల లెక్క. మాన్యువల్‌లో ఉన్నదాని కన్నా ఒక లింకు తక్కువొస్తే ధర గురించి మాట్లాడే ముందు కొత్త చైన్ ఖరీదు అడిగి తెలుసుకోవాలి.