గాలి గొట్టం పైకి జరిపితే రైతు నేరస్తుడా?

బానెట్ లేపగానే షోరూమ్ మెకానిక్ నోట వచ్చే మొదటి మాట, "ఈ పైపు ఎవరు పెట్టిండ్రు?" అని. ఇంజిన్ ఎందుకు ఆయిల్ తాగుతోంది, పొగ ఎందుకు కక్కుతోంది అన్నది తర్వాతి సంగతి. ఊరి వెల్డింగ్ షాపులో ఒక గొట్టం అతికించి, గాలి పీల్చే మూతిని బానెట్ మీదికి తెచ్చుకున్నందుకు జాబ్ కార్డు మీద ఒక్క ముక్క రాస్తారు: కస్టమర్ మార్పులు చేశాడు, వారంటీ వర్తించదు. ఇక పిస్టన్ రింగులు, లైనర్లు, లేబర్ అన్నీ రైతు నెత్తినే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇలా పైపు జరిపించుకున్న ట్రాక్టర్లు కొత్తేమీ కాదు. దీన్ని కుర్రకారు సోకు అంటున్నారు కంపెనీల వాళ్లు. సోకు కోసమైతే రైతు పాటల డబ్బా పెట్టించుకుంటాడు, రంగు లైట్లు పెట్టించుకుంటాడు. వాటికి ఎవరూ వారంటీ తీసేయడం లేదు! ఇంజిన్‌ను కాపాడుకుందామని చేసిన పనికే శిక్ష పడుతోంది.

ముందు దుమ్ము సంగతి మాట్లాడుకుందాం.

2.7 లీటర్ల ఇంజిన్ ఉన్న ట్రాక్టర్‌ను తీసుకోండి. మన దగ్గర తిరిగే 45, 50 హార్స్ పవర్ బండ్లు ఇంచుమించు ఆ సైజులోవే. నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లు గాలితో నిండుతాయి. అంటే నిమిషానికి 2700 లీటర్లు. పూర్తిగా నిండవు కాబట్టి 2300 అనుకుందాం. గంటకు 1,38,000 లీటర్లు. పది గంటలు రోటావేటర్ తిప్పితే దాదాపు 14 లక్షల లీటర్ల గాలి. 5000 లీటర్ల నీళ్ల ట్యాంకర్ లెక్కన 276 ట్యాంకర్లు! ఇంత గాలినీ ఇంజిన్ ఎక్కడి నుంచి పీలుస్తోంది? ఇప్పుడు వస్తున్న చాలా మోడళ్లలో ఎయిర్ క్లీనర్ బానెట్ లోపల, రేడియేటర్ ముందు ఉంటుంది. జాలీ వెనక నుంచే గాలి లోపలికి పోతుంది. గడ్డి పొట్టు, పత్తి పీచు, ఎర్ర దుమ్ము వచ్చి పేరుకునే చోటు కూడా అదే. సాయంత్రం జాలీ మీది నుంచి పిడికెళ్ల కొద్దీ పొట్టు తీసి పారేసే డ్రైవర్‌కు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

పాత బండ్లు గుర్తున్నవాళ్లు ఉంటారు. చాలా వాటికి బానెట్ మీద నిటారుగా ఒక గొట్టం, దాని నెత్తిన పుట్టగొడుగు లాంటి టోపీ ఉండేవి. గాలి అందులో సుడి తిరిగి బరువైన దుమ్మును బయటే వదిలేసేది. కింద నూనె గిన్నె మిగతాది పట్టుకునేది. బండి ముందుభాగం కారు లాగా నున్నగా ఉండాలన్న మోజులో చాలా మోడళ్లకు ఆ గొట్టం పోయింది. నూనె గిన్నె పోయి పేపర్ ఫిల్టర్ రావడం తప్పు కాదు, అది సన్న దుమ్మును ఇంకా బాగా పడుతుంది. కానీ మూతిని తెచ్చి దుమ్ములో పెట్టినాక ఆ పేపర్ ఎన్నాళ్లు ఆగుతుంది? పొద్దున దులిపింది మధ్యాహ్నానికి నిండుతుంది. ఇంజిన్‌కు ఊపిరి ఆడదు, నల్ల పొగ వస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కిరాయి పని ఆగకూడదని డ్రైవర్ ఫిల్టర్ తీసి టైరుకేసి నాలుగు బాదులు బాదుతాడు. పేపర్ మడతలో కంటికి కనిపించని చీలిక పడుతుంది. అక్కడి నుంచి చెల్క మట్టిలోని సన్న ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఆ ఇసుక ఇనుము కన్నా గట్టిది. లైనర్‌ను గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు రుద్దుతుంది. అప్పుడు షోరూమ్ వాళ్లు చెప్పేది మళ్లీ అదే: మెయింటెనెన్స్ సరిగా లేదు.

కంపెనీలకు దుమ్ము ఎక్కడ లేస్తుందో తెలియదా అంటే, బాగా తెలుసు. యాసంగి కోతలకు మన ఊళ్లలోకి దిగే హార్వెస్టర్లను చూడండి. వాటి గాలి మూతి ఎక్కడుంటుంది? మనిషి ఎత్తుకు పైన, టోపీతో, జల్లెడతో. ఊళ్లో మట్టి తవ్వే పెద్ద యంత్రాలకూ దుమ్మును ముందే విసిరేసే టోపీ ఉంటుంది. అదే మడిలో, హార్వెస్టర్ వెనకాలే గడ్డి కట్టలు కట్టే బేలర్‌ను లాగే ట్రాక్టర్‌కు మాత్రం మూతి నడుము ఎత్తులో. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పట్నం వాళ్లు సెలవు రోజుల్లో కొండలెక్కించే ఫోర్స్ గూర్ఖా జీపుకు గాలి గొట్టాన్ని కప్పు దాకా లేపి ఫ్యాక్టరీలోనే బిగించి అమ్ముతున్నారు. సరదాకు బురదలో దిగేవాడికి ఉన్న సౌకర్యం, బతుకంతా బురదలో దిగేవాడికి ఎందుకు ఉండదు?

మన మూడు జిల్లాల సంగతి తీసుకుంటే ఒక్కో చోట ఒక్కో తీరు. జనగామ ఎర్ర చెల్కలు ఎండాకాలంలో పిండిలా లేస్తాయి. దేవాదుల నీళ్లతో చెరువులు నిండిన చోట వరి పెరిగింది, గడ్డి పెరిగింది, దాని వెనకే బేలర్ వచ్చింది. మహబూబాబాద్ వైపు పత్తి కట్టెను తుక్కు చేసే యంత్రం, మక్కలు ఒలిచే మిషన్. ఆ పొట్టు తేలికగా గాలిలోనే తేలుతుంది, ఫిల్టర్‌ను ఇట్టే మూసేస్తుంది. భూపాలపల్లిలో పొలం దాకా పోనవసరం లేదు. సింగరేణి ఓపెన్ కాస్ట్ బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు తిరిగే రోడ్ల మీద ట్రాలీ తోలితే చాలు. ఒక్క డిజైన్ గీసి దేశమంతా అమ్ముతాం, మీ నేలే మారాలి అన్నట్టుంది కంపెనీల వరస.

ఇక్కడ మనవాళ్లకూ కొన్ని మాటలు సూటిగా చెప్పాలి. పైపు జరపడం తప్పు కాదు, ఎట్లబడితే అట్ల జరపడం మాత్రం ఇంజిన్‌కు ఉరి. ఫిల్టర్‌కు ముందు ఉన్న భాగాన్నే మార్చాలి. ఫిల్టర్ దాటి ఇంజిన్‌లోకి పోయే హోస్‌ను ముట్టుకోవద్దు. అక్కడ సూది మొనంత సందు ఉన్నా, పైన ఎంత ఎత్తు గొట్టం పెట్టినా దండగే. కొత్త గొట్టం లోపలి వెడల్పు కంపెనీ ఇచ్చిన దానికంటే ఒక్క నూలు కూడా తగ్గొద్దు. వంకరలు ఎన్ని తగ్గితే అంత మంచిది. ప్లాస్టిక్ పైపు బానెట్ వేడికి మెత్తబడి లోపలికి కుంగుతుంది, ఇనుప గొట్టమే మేలు. వెల్డింగ్ బండి మీద పెట్టి చేయొద్దు. విడిగా చేసి, లోపలి రవ్వలు గీకి కడిగి, ఆరినాక బిగించాలి. సైలెన్సర్ పక్కన నిలబెడితే వేడి గాలి, పొగ మసి పీలుస్తుంది. గొట్టానికి గట్టి ఆసరా పట్టీ వేయకపోతే అదురుడుకు మొదట్లోనే పగులుతుంది. నెత్తిన వాన టోపీ, వీలైతే దుమ్మును సుడి తిప్పి విసిరే ప్రీ-క్లీనర్ పెట్టాలి.

బిగించినాక ఒక పరీక్ష ఉంది. బండి న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ సన్నగా తిరుగుతుండగా టోపీ తీసి గొట్టం మూతి మీద చదునైన చెక్క ముక్క గట్టిగా ఆనించండి. చేయి పెట్టొద్దు, బట్ట అసలే పెట్టొద్దు, లోపలికి లాగుతుంది. ఇంజిన్ కొన్ని క్షణాల్లో ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడో దొంగ గాలి పీలుస్తోందని అర్థం. ఫిల్టర్ నిండితే ఎర్రగా కనిపించే ఇండికేటర్ మీ బండికి ఉంటే దాన్ని నమ్మండి. కొత్త ఫిల్టర్‌తో కూడా ఎర్ర వస్తోందంటే గొట్టం సన్నదైంది, మార్చాల్సిందే. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో ఎలక్ట్రానిక్ సెన్సర్లు ఉంటాయి. ఆ బండ్లను ఊరి షాపులో ముట్టుకోకపోవడమే మంచిది. అందుకే ఈ పని కంపెనీయే చేసి ఇవ్వాలంటున్నాం.

మరో అపోహ కూడా పోవాలి. గొట్టం పైకి లేపితే వాగు దాటొచ్చు అనుకునేవాళ్లు ఉన్నారు. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే పిస్టన్ నీళ్లను నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, నిజమే. ఎత్తు గొట్టం ఆ ఒక్క ప్రమాదాన్ని తప్పిస్తుంది. కానీ గేర్ బాక్స్‌కు, వెనక యాక్సిల్‌కు గాలి వదిలే రంధ్రాలు కిందే ఉంటాయి. సెల్ఫ్ మోటార్, డైనమో కిందే ఉంటాయి. పారే నీటి తోపుడుకు గొట్టంతో పనిలేదు. 2023 జులై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. దానికి ముందు 24 గంటల్లో చిట్యాలలో 600 మిల్లీమీటర్లు దాటి కురిసింది. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. రైలు కట్టనే లేపిన నీటికి ట్రాక్టర్ ఎంత? పైపు దుమ్ము కోసమే, వాగు కోసం కాదు.

ఇక హక్కుల సంగతి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. మొదట పట్టించుకోవాల్సిన నాలుగు రంగాలు చెప్పింది: వ్యవసాయ పనిముట్లు, మొబైల్ ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు. వరసలో ముందు రాసింది మన పేరే. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచారు. 2025 మేలో మరమ్మతు సూచీ మీద కమిటీ నివేదిక ఇచ్చింది. ఎవరి కోసం? మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువుల కోసం. ఫోన్ అద్దం పగిలితే ఎంత తేలిగ్గా మార్చుకోవచ్చో మార్కులు వేస్తారట, మూడు పంటల అప్పు మీద కొన్న ట్రాక్టర్‌కు మాత్రం మార్కులు లేవు.

బయట దేశాల్లో ఈ కొట్లాట రైతులే నడిపారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసి, 2024 జనవరి 1 నుంచి వ్యవసాయ యంత్రాల కంపెనీలు విడిభాగాలు, పనిముట్లు, మాన్యువళ్లు రైతులకు ఇవ్వాల్సిందేనని అమలు చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మరమ్మతులను తన డీలర్ల చేతిలోనే బిగించి పెట్టుకుందని జాన్ డీర్ మీద కేసు వేసింది. వాళ్లకు వందల ఎకరాలున్నాయి, లాయర్లున్నారు. మనకు సంఘం ఉంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపించి బెదిరించేవాళ్లు కొందరు. ఆ సెక్షన్ మాట్లాడేది, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చడం గురించి. మీ ఆర్‌సీ తీసి చూడండి. ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్, హార్స్ పవర్, ఇంధనం ఉంటాయి. గాలి గొట్టం ఎత్తు ఎక్కడుంది?

వారంటీ విషయంలో మన వాదన ఇదీ. పైపు మార్చినందుకు మొత్తం వారంటీ ఎగ్గొట్టడం అన్యాయం. ఆ మార్పు వల్లే ఈ నష్టం జరిగిందని కంపెనీ చూపించాలి. గొట్టం మార్చిన బండికి హైడ్రాలిక్ లిఫ్ట్ పాడైతే, రెండింటికీ ఏం సంబంధం? అయినా అడ్డంగా కాదంటున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తన జీవనోపాధి కోసం స్వయంగా వాడుకునే వస్తువు కొన్న మనిషి కూడా వినియోగదారుడే. కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా, పుణెలో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, 10 లక్షల లోపు 200 రూపాయలు. కారణం పుట్టిన రెండేళ్ల లోపు వేయాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రంలో పరీక్షిస్తారు. ఆ రిపోర్టులు ఇంగ్లీషులో, పట్టికల్లో పడి ఉంటాయి. ఎయిర్ క్లీనర్ గురించి, ఇంజిన్ అరుగుదల గురించి వాటిలో ఉన్నది తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి షోరూమ్ గోడకు అంటించమనండి. ఎత్తు గొట్టం, ప్రీ-క్లీనర్ కలిపిన కిట్‌ను కంపెనీ బిగించి ఇవ్వాలి, దానికి వారంటీ ఉండాలి, యాంత్రీకరణ సబ్సిడీ జాబితాలో దాన్ని చేర్చాలి. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల మన వెల్డర్లకు, డ్రైవర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టినా సగం ఇంజిన్లు బతుకుతాయి. రోటావేటర్‌కు సబ్సిడీ ఇచ్చి, దాని దుమ్ముతో పోయే ఇంజిన్‌ను గాలికి వదిలేయడం ఏం లెక్క?

వారంటీ కాదన్నప్పుడు నోటి మాటతో బయటికి రావొద్దు. కారణం జాబ్ కార్డు మీద రాసి, సంతకం, ముద్ర వేసి ఇమ్మని అక్కడే కూర్చోండి. పైపు మార్చక ముందు, మార్చినాక ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. విప్పిన పాత ఫిల్టర్‌ను, అరిగిన రింగులను షోరూమ్‌లో వదిలేయకుండా సంచిలో కట్టి తెచ్చుకోండి. జాబ్ కార్డు జిరాక్స్ ఒకటి మీ మండల కమిటీకి అందజేయండి. మూడు జిల్లాలవి కలిపి కలెక్టర్ల దగ్గరికి, కమిషన్ల దగ్గరికి తీసుకుపోవాల్సి ఉంది.