తుమ్ములకు మూలం గట్ల మీదే

వానలు పడి గట్ల మీద వయ్యారిభామ తెల్లగా పూసిందంటే రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో కొందరికి తుమ్ములు పట్టుకుంటాయి. తెల్లవారి లేస్తూనే వరుస తుమ్ములు, ముక్కు వెంట నీళ్లు, కళ్ల దురద. పడిశమేలే అని ఊరుకుంటారు. పడిశమైతే వారం పది రోజుల్లో తగ్గాలి. జ్వరం లేకుండా వారాల తరబడి పీడిస్తే, ఏటా అదే కాలంలో వస్తే, పుప్పొడి పడడం లేదని అనుమానించాలి.

ఇంగ్లండులో గడ్డికోతల కాలంలో కనిపించడంతో దీనికి 'హే ఫీవర్' అని పేరు వచ్చింది. నిజానికి ఇది జ్వరమూ కాదు, అంటువ్యాధీ కాదు. పుప్పొడిని శరీరం శత్రువుగా పొరబడి హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుదల చేయడంతో ఈ బాధ కలుగుతుంది. చార్లెస్ బ్లాక్‌లీ అనే వైద్యుడు తన మీదే పరీక్షలు చేసుకుని 1873లో ఈ పుప్పొడి సంగతి వెల్లడించాడు.

మన దగ్గర ఇందుకు కారణమయ్యే మొక్కల్లో వయ్యారిభామ ముఖ్యమైనది. 1950లలో పూనాలో కంటపడిన ఈ అమెరికా మొక్క బీళ్లను, రోడ్ల పక్కలను ఆక్రమించింది. ఒక్కొక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది.

బాధ ఓర్చుకోలేక కొందరు ఊళ్లోనే సూది వేయించుకుంటారు. అది స్టిరాయిడ్ సూది అయితే అప్పటికి హాయిగానే ఉంటుంది. మాటిమాటికీ వేయించుకుంటే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. సెటిరిజిన్ వంటి మాత్రలను డాక్టరు చెప్పినట్లు వాడాలి. మగత రావచ్చు గనుక అవి వేసుకుని ట్రాక్టరు తోలరాదు. చేని నుంచి రాగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. ఆయాసం, పిల్లికూతలు వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష కూడా చేయించుకోవాలి.

మాత్రలతో ఒకరికి ఉపశమనం కలుగుతుంది గానీ ఊరికి బెడద తీరదు. ఒక రైతు గట్టు శుభ్రం చేసి పక్క రైతు వదిలేస్తే ప్రయోజనం లేదు. పూత రాకముందే, నేల తడిగా ఉండగానే మొక్కను వేళ్లతో సహా పెరకాలి. ఉత్త చేతులతో ముట్టుకుంటే దద్దుర్లు లేస్తాయి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. తుమ్ములు, ఉబ్బసం ఉన్నవారిని ఈ పనికి పిలవరాదు.

తొలి వానల తర్వాత ఏటా ఒక రోజును ఈ పనికి కేటాయించి, బడి, ఆసుపత్రి, బస్టాండు ఆవరణలతో పంచాయతీలు మొదలుపెట్టాలి. రైతులు తమ గట్లు తాము చూసుకోవాలి. పూత వచ్చాక కళ్లు తుడుచుకునే కంటే ముందుగా నడుం వంచడం మేలు.