దారి చూపే యంత్రం కొనే ముందు

ఒకప్పుడు కారు అంటే డాక్టరు గారికో, కాంట్రాక్టరు గారికో ఉండేది. ఇప్పుడు మన జిల్లాలో ఓ మోస్తరు ఊళ్లో కూడా నాలుగైదు కార్లు కనిపిస్తున్నాయి. సొంతానికి వాడుకునేవారు కొందరైతే, కిరాయికి తిప్పి కుటుంబాన్ని పోషించుకునేవారు మరికొందరు. కారు కొన్న మర్నాడే సామానుల షాపుకు వెళ్లి సీటు కవర్లతో పాటు దారి చూపే యంత్రం కూడా బిగించుకోవడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. జీపీఎస్ ఉన్నది, ట్రాఫిక్ కబురు కూడా చెబుతుంది అని షాపువారు చెప్పగానే వేలకు వేలు పోసి కొంటున్నారు. కొనడం తప్పు కాదు. అది మన రోడ్ల మీద ఎంతవరకు పనికివస్తుందో తెలుసుకోకుండా కొనడం, కొన్న తరువాత దానిని గుడ్డిగా నమ్మడం మాత్రం తప్పు. డబ్బు నష్టం ఒక్కటే అయితే ఇంతగా చెప్పనవసరం లేదు. ప్రాణాలు పోతున్నాయి కనుక చెప్పవలసి వస్తున్నది.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో ముగ్గురు మనుషులు కారులో పెళ్లికి బయలుదేరారు. ఫోన్‌లోని మ్యాపు రామగంగ నది మీది వంతెన దారి చూపింది. ఆ వంతెన సగంలోనే ఆగి ఉన్నది. వరదకు కొంత భాగం కొట్టుకుపోయిన సంగతి మ్యాపులోకి ఎక్కలేదు. కారు పైనుంచి నదిలో పడి ముగ్గురూ మరణించారు. వంతెన మొదట్లో గట్టి అడ్డుకట్ట లేకపోవడంపై అప్పట్లో పెద్ద విమర్శ వచ్చింది. అదే సంవత్సరం మే నెలలో హైదరాబాదు నుంచి కేరళ విహారయాత్రకు వెళ్లిన నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర వద్ద మ్యాపును నమ్మి, వాన నీటితో నిండిన రోడ్డు అనుకుని కారుతో సహా కాలువలోకి దిగారు. స్థానికులు, పోలీసులు సాయపడటంతో నలుగురూ బతికి బయటపడ్డారు. కారు మాత్రం మునిగిపోయింది.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో కొంత తెలిస్తే దానిని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికావారి జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే మనం ఎక్కడ ఉన్నామో యంత్రం లెక్క కట్టుకుంటుంది. ఇది మొదట సైన్యం కోసం తయారైనది. 1983లో దారి తప్పి రష్యా గగనతలంలోకి వెళ్లిన కొరియా విమానాన్ని కూల్చివేయగా 269 మంది చనిపోయారు. ఆ తరువాతనే దీనిని మామూలు ప్రజలు కూడా వాడుకోవచ్చునని అమెరికా ప్రకటించింది. మన దేశం కూడా ఊరుకోలేదు. నావిక్ పేరుతో మనవారు తలపెట్టిన సొంత ఏర్పాటులో మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి పంపారు.

అయితే ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. మీరు ఫలానా చోట ఉన్నారు అనే వరకే ఉపగ్రహం పని. రోడ్డు ఎటు పోతుంది అన్నది మ్యాపు చెబుతుంది. ఆ మ్యాపు మనుషులు తయారు చేసినది. రోడ్డు మీద ఇప్పుడు రద్దీ ఉన్నదా, లేదా అన్నది మూడో సంగతి. అది ఇంటర్నెట్ ద్వారా రావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా యంత్రం తప్పు చెబుతుంది. తప్పు చెబుతున్నానని దానికి తెలియదు కనుక, అదే గొంతుతో, అంతే ధైర్యంగా చెబుతుంది.

ట్రాఫిక్ కబురు సంగతి మరీ ముఖ్యం. రోడ్డు మీద పోతున్న వారి జేబుల్లోని ఫోన్లే ఆ కబురును పంపుతున్నాయి. ఒకే చోట వందల ఫోన్లు నత్తనడక నడుస్తుంటే అక్కడ రద్దీ ఉన్నదని లెక్క కట్టి మ్యాపు మీద ఎర్రగీత చూపుతారు. హైదరాబాదులో ఎల్బీనగర్ దగ్గరనో, పంజాగుట్ట దగ్గరనో ఇది చక్కగా పనిచేస్తుంది. కాని మన పల్లె రోడ్ల మీద గంటకు ఒక బస్సు, రెండు ఆటోలు, ఒక ధాన్యం ట్రాక్టరు పోతాయి. అంత కొద్ది ఫోన్లతో లెక్క తేలదు. వాగు పొంగి రోడ్డు తెగినప్పుడు అసలు బండ్లే ఉండవు. బండ్లు లేకపోతే ఎర్రగీత కూడా ఉండదు. ఎవరైనా రోడ్డు మూసివేశారని నమోదు చేస్తే తప్ప మ్యాపు ఆ దారినే చూపవచ్చు. కనుక ఎర్రగీత లేదు గదా, దారి బాగున్నట్టే అనుకోవడం మన ప్రాంతంలో చాలా ప్రమాదం.

ఈ మాట వేరే జిల్లావారి కంటె మనకు ఎక్కువ తెలియాలి. ఆకేరు, మున్నేరు, పాలేరు, వైరా దాటకుండా మన జిల్లాలో ఎవరి ప్రయాణమూ సాగదు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీదికే నీరు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్లీ అదే జరిగింది. ఆ రోజున ఖమ్మం నగరంలో మున్నేరు ఒడ్డున ఉన్న కాలనీలు మునిగాయి. మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఉద్ధృతికి కారు కొట్టుకుపోయి తండ్రీ కూతుళ్లు మరణించారు. ఆ ప్రమాదానికి యంత్రం కారణమని ఇక్కడ చెప్పడం లేదు. తెల్లారేసరికి రోడ్డు వాగైపోయే ప్రాంతంలో మనం ఉంటున్నామని మాత్రమే గుర్తు చేస్తున్నాము. అలాంటి కబురు సమయానికి చెప్పలేని యంత్రానికి ఎంత ఖరీదు పెట్టినా మన అవసరం తీరదు.

ఇక కొనే సంగతి. బజారులో ఉన్నవి మూడు రకాలు. మొదటిది, గార్మిన్ వంటి కంపెనీలవారు తయారు చేసే విడి యంత్రం. మ్యాపు దానిలోనే ఉంటుంది గనుక సెల్ సిగ్నల్ లేని అడవి దారిలో కూడా ఇది పనిచేస్తుంది. అందులో మన దేశపు మ్యాపు ఉన్నదా, ఏటేటా కొత్త మ్యాపు ఉచితంగా ఇస్తారా, డబ్బు తీసుకుంటారా అని అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో ఉన్న అబ్బాయి పాత యంత్రం పంపాడని మురిసిపోయేవారు ఉన్నారు. దానిలో అమెరికా మ్యాపే ఉంటే ఇక్కడ అది గడియారానికి తప్ప దేనికీ పనికిరాదు. పైగా అక్కడ కొన్ని యంత్రాలకు ట్రాఫిక్ కబురు రేడియో తరంగాల ద్వారా వస్తుంది. ఆ ఏర్పాటును నమ్ముకుని ఇక్కడ కొనకూడదు.

రెండోది, కారు ముందుభాగంలో రేడియో తీసివేసి బిగించే పెద్ద తెర. మన పట్టణాల్లో ఎక్కువగా అమ్ముడుపోతున్నది ఇదే. ట్రాఫిక్ కబురు చెబుతుందని షాపువారు అనేది నిజమే కాని, దానికి ఇంటర్నెట్ కావాలన్న సంగతి చాలాచోట్ల చెప్పరు. సిమ్ వేసే వీలు లేని తెరకు మన ఫోన్ నుంచే ఇంటర్నెట్ ఇవ్వాలి. ఫోన్ ఇంట్లో మరచిపోతే ఆ తెర పాటలకు తప్ప మరి దేనికీ పనికిరాదు. ఉపగ్రహ సంకేతం అందుకునే యాంటెన్నాను లోపల ఎక్కడో ఇనుము చాటున బిగిస్తే, కారు రోడ్డు మీద పోతుంటే తెర మీద పొలంలో పోతున్నట్టు చూపుతుంది. కొత్త కారు వైర్లు కోసి బిగిస్తే కంపెనీ గ్యారంటీకి చిక్కు రావచ్చు. డీలరును ముందే అడగడం మంచిది. డబ్బు మొత్తం ఇవ్వకముందే ఒకసారి మన ఊరి దాకా నడిపి చూసుకుంటామని షాపువారిని అడగాలి. అందుకు ఒప్పుకోని చోట కొనకపోవడమే మేలు.

మూడోది, మన చేతిలో ఉన్న ఫోనే. గూగుల్ మ్యాప్స్ గాని, మన దేశపు కంపెనీ అయిన మ్యాప్‌మైఇండియావారి మ్యాపుల్స్ గాని పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. గూగుల్‌వారు 2018 నుంచి తెలుగులో కూడా దారి చెబుతున్నారు. పల్లెలో ఉండి, నెలకు ఒకటి రెండుసార్లు దూరప్రయాణం చేసేవారికి ఫోను, దానిని నిలబెట్టే ఒక గట్టి స్టాండు, ఒక ఛార్జరు చాలు. వేలు పోసి తెర కొనవలసిన అవసరం లేదు. సిగ్నల్ అందని చోటికి వెళ్లేవారు బయలుదేరే ముందే ఇంటి దగ్గర ఆ ప్రాంతపు మ్యాపును ఫోన్‌లోకి దించుకోవాలి. అలా దించుకున్న మ్యాపు దారి చూపుతుంది గాని ట్రాఫిక్ కబురు చెప్పదు.

రోజూ కిరాయికి తిప్పే డ్రైవరు పరిస్థితి వేరు. ఆయన ఫోన్‌కు కిరాయి కబుర్లు వస్తూ ఉంటాయి. ఫోన్ మోగినప్పుడల్లా మ్యాపు తప్పిపోతుంది. అటువంటివారికి ఫోన్‌తో కలిసి పనిచేసే తెర ఉపయోగమే. ఆ లెక్క ఎవరికి వారు వేసుకోవాలి.

ఏది వాడినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. మ్యాపులో మోటారు సైకిలు గుర్తు వేరు, కారు గుర్తు వేరు. మోటారు సైకిలు గుర్తు పెట్టి కారు నడిపితే డొంకదారిలోకి తీసుకుపోతుంది. ఇరుకు దారులను కార్లకు తప్పించే ఏర్పాటును గూగుల్‌వారు 2024లో ప్రకటించినా, అది మొదలైనది హైదరాబాదు వంటి ఎనిమిది నగరాల్లో. మన డొంకల సంగతి దానికి తెలుసునని అనుకోరాదు. ఊరి పేర్లతో మరో చిక్కు ఉన్నది. రామాపురాలు, గోపాలపురాలు జిల్లాకు ఎన్నో ఉంటాయి. మా మండలంలో ఒక పెళ్లికి రావలసిన మగపెళ్లివారి కారు ఒకటి అదే పేరుగల మరో ఊరికి వెళ్లింది. వారు తిరిగి వచ్చేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. మేనమామ గారు యంత్రాన్ని తిట్టారు గాని, మండలం పేరు కొట్టనిది ఆయనే. పేరుతో పాటు మండలం, జిల్లా పేర్లు కూడా కొట్టాలి. లేదా ఆ ఇంటివారినే ఫోన్‌లో లొకేషన్ పంపమనాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. బండి నడుపుతూ ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలని 2020లో కేంద్రం నిబంధన తెచ్చింది. చేత్తో పట్టుకుని మాట్లాడుతూ నడిపితే జరిమానాతో పాటు జైలు శిక్షకు కూడా వీలున్నది. వెళ్లవలసిన ఊరి పేరు బండి కదలకముందే కొట్టుకోవాలి. మధ్యలో మార్చవలసి వస్తే పక్కకు ఆపి మార్చుకోవాలి.

కొనేవారు ఇన్ని జాగ్రత్తలు పడినా అధికారులు తమ పని చేయకపోతే ఫలితం ఉండదు. బరేలీ దగ్గర గట్టి అడ్డుకట్ట ఉండి ఉంటే మ్యాపు ఎంత తప్పు చెప్పినా కారు అక్కడే ఆగేది. మన జిల్లాలో చప్టాల దగ్గర నీటిమట్టం తెలిపే గుర్తులు ఎన్నిచోట్ల చెరిగిపోయి ఉన్నాయో ఆ దారిన నడిచేవారికి తెలుసు. వాగు పొంగినప్పుడు రెండు ముళ్లకంపలు, ఒక తాడు కట్టి ఊరుకుంటున్నారు. రాత్రిపూట లైటు వెలుతురులో అవి దగ్గరకు వచ్చేదాకా కనిపించవు. వానాకాలం రాకముందే ప్రతి లోతట్టు చప్టాకు రెండువైపులా రాత్రి మెరిసే బోర్డులు, మూసివేయడానికి గట్టి గేట్లు ఏర్పాటు చేయాలి. ఈ పనిని రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ ఒకరి మీద ఒకరు తోసుకోకుండా పంచుకోవాలి. రోడ్డు మూసిన వెంటనే ఆ కబురు మ్యాపుల్లో నమోదయ్యేటట్టు మండలానికి ఒకరికి బాధ్యత అప్పగించాలి. దానికి ఒక ఫోను చాలు. పెద్ద నిధులు అక్కరలేదు.

ఈ పని మనం కూడా చేయవచ్చు. రోడ్డు తెగినా, చెట్టు పడినా అక్కడికి చేరిన మొదటి మనిషి తన ఫోన్‌లో ఆ సంగతి నమోదు చేస్తే వెనుక వచ్చేవారికి అదే ట్రాఫిక్ కబురు అవుతుంది. ఊరి చదువుకున్న కుర్రవాళ్లు దీనిని తమ పనిగా పెట్టుకోవాలి. ప్రమాదం కంటపడితే 112కు, జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేయాలి.

చివరిగా ఒక్క మాట. అడుగు లోతున పారే నీరు చిన్న కారును కదిలిస్తుంది. రెండడుగుల నీరు చాలా బండ్లను నెట్టుకుపోతుంది. తెర మీద దారి ఎంత నీలంగా కనిపించినా, చప్టా మీద నీరు పారుతుంటే బండి ఆపి దిగాలి. గొర్రెలు కాసుకునే పెద్దమనిషి కనిపిస్తే, "తాతా, నీళ్లు ఎప్పటి నుంచి పారుతున్నయ్? ఇప్పుడు దాటొచ్చా?" అని అడగాలి. వద్దు నాయనా అని ఆయన అంటే వెనక్కి తిరగాలి. పది కిలోమీటర్లు చుట్టు తిరిగితే పెట్రోలు ఖర్చవుతుంది, అంతే. వచ్చే వానాకాలానికి ముందే అధికారులు చప్టాల దగ్గర బోర్డులు, గేట్లు పెట్టగలరని, కొత్త కార్లవారు యంత్రంతో పాటు ఈ జాగ్రత్త కూడా వెంట తీసుకువెళ్లగలరని ఆశిద్దాం.