కుందేలు ముందు... కంచె వెనక

మొన్న ఊరి నుంచి మా బావ ఫోన్ చేశాడు. వేరుశనగ మొలిచి నాలుగాకులు వేసిందో లేదో, చెవులపిల్లులు రాత్రికి రాత్రి సాళ్లకి సాళ్లు నున్నగా కొరికేస్తున్నాయట. ‘‘పాత చీరలు కట్టి చూశాం. రెండ్రోజులు భయపడ్డాయి. మూడోరోజు నుంచి మీ అక్క చీర కిందనుంచే దూరి వస్తున్నాయి. ఇనుప జాలీ వేద్దామనుకుంటున్నా. నువ్వు పేపర్లో ఏవేవో రాస్తుంటావు కదా, ఎంత లోతు పాతాలో చెప్పు’’ అన్నాడు.

రాసేవాణ్ని పాతడం గురించి అడిగితే ఏం చెబుతాను? అయినా ఈ ప్రశ్నకి జవాబు కోసం ఒక ప్రభుత్వమే ఖజానా గుమ్మరించిన కథ ఒకటుంది. అది బావకి చెప్పాను. మీకూ చెబుతాను.

1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామికి ఇంగ్లండు మీద బెంగ పుట్టింది. అక్కడ కుందేళ్లని వేటాడేవాడు. ఇక్కడేమో వేటకి అడవి కుందేళ్లు లేవు. ఓడ మీద రెండు డజన్ల కుందేళ్లని తెప్పించుకుని తన ఎస్టేటులో వదిలాడు. కాసిని కుందేళ్లు ఎవరినేం చేస్తాయిలే అనుకున్నాడు పాపం. ఆడకుందేలుకి నెల తిరిగేసరికి కాన్పు. కాన్పుకి నాలుగైదు పిల్లలు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఆ పిల్లలు నాలుగైదు నెలలకే తల్లులవుతాయి. మిగతా లెక్క మీరే వేసుకోండి. ఆస్ట్రేలియా కుందేళ్ల దండయాత్రకి ప్రధానంగా ఈ ఒక్క ఓడ సరుకే కారణమని 2022లో జన్యు పరీక్షలు చేసి మరీ తేల్చారు.

గడ్డి పోయింది. గొర్రెలకి మేత పోయింది. లేత మొక్కల బెరడు కూడా మిగల్లేదు. 1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కుందేళ్లని వదిలించే ఉపాయం చెప్పినవారికి 25 వేల పౌండ్ల బహుమతి ప్రకటించింది. కుక్కకాటుకి మందు కనిపెట్టిన లూయీ పాశ్చర్ అంతటివాడు కోళ్ల కలరా క్రిములిచ్చి మేనల్లుణ్ని పంపాడు. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు.

1890ల్లో కుందేళ్లు ఎడారి దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాయి. అక్కడి ప్రభుత్వం 1901లో రాయల్ కమిషన్ వేసింది. రాష్ట్రానికి అడ్డంగా కంచె కట్టాలని నిర్ణయమైంది. దక్షిణాన సముద్రం నుంచి ఉత్తరాన సముద్రం దాకా 1,833 కిలోమీటర్లు! పన్నెండు అడుగులకో గుంజ. ఆ గుంజలకి తీగలు, తీగలకి జాలీ. జాలీ ఆరంగుళాలు నేలలోకి. రైలు దిగిన సరుకుని ఎడ్లబళ్ల మీదా, కంచరగాడిదల మీదా, ఒంటెల మీదా వందల మైళ్లు మోశారు. ఆ ఒంటెలు మన వైపువే. బలూచిస్తాన్, పెషావర్ లాంటి చోట్ల నుంచి వెళ్లిన ఒంటెలవాళ్లని అక్కడ అందరినీ కలిపి ‘ఆఫ్ఘన్లు’ అనేవారు.

ఇంతకీ ఏమైందంటారా? కంచె ఇంకా కడుతుండగానే, 1902లో, దానికి పడమటి వైపున కుందేళ్లు కనిపించాయి. అంటే దొంగ ఇంట్లోకి వచ్చాక తలుపుకి గొళ్లెం బిగిస్తున్నారన్నమాట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న సామెత మనది. వాళ్లయితే మూడు కంచెలన్నారు. మొదటిదానికి పడమరగా రెండోది, ఆ తర్వాత మూడోది. 1907కల్లా మొత్తం 3,256 కిలోమీటర్లయింది. మన దేశం ఉత్తరం నుంచి దక్షిణం దాకా 3,214 కిలోమీటర్లు. చూసుకోండి.

కట్టడం ఒక ఎత్తయితే కాపాడటం పది ఎత్తులు. వానకి వాగులొచ్చి కంచె కొట్టుకుపోయేది. గాలికి ఇసుక మేట వేస్తే కుందేలు మెట్లెక్కినట్టు ఎక్కి దిగేది. ఈమూ పక్షులు గుద్దుకుని జాలీ చిరిగేది. వీటన్నిటికంటే పెద్ద శత్రువు, గేటు తీసి వేయకుండా పోయే మనిషి. పాతిక మంది కాపలాదార్లు గుర్రాల మీదా, ఒంటెల మీదా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవారు. ఆ పనికి సైకిలు పెట్టి చూశారు, కారూ పెట్టి చూశారు. చివరికి ఒంటే నయమనిపించుకుంది.

కుందేళ్ల పొగరు కొంతైనా అణచింది కంచె కాదు, రోగం. 1950లో దోమల ద్వారా పాకే మిక్సోమా వైరస్‌ని వదిలితే రెండేళ్లలో 60 కోట్ల కుందేళ్లు 10 కోట్లకి పడిపోయాయని అంచనా. మనుషులకి ప్రమాదం లేదని జనాన్ని నమ్మించడానికి ముగ్గురు పెద్ద శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ని తమకే ఎక్కించుకున్నారు. అయినా బతికి బట్టకట్టిన కుందేళ్ల పిల్లలు మొండిఘటాలై పుట్టాయి. కథ మళ్లీ మొదటికి.

అలాగని కంచె దండగనను. క్వీన్స్‌లాండ్‌లో 550 కిలోమీటర్ల పైచిలుకు కుందేలు కంచె నేటికీ ఉంది, దాన్ని చూసుకోవడానికే ఒక బోర్డు ఉంది. అక్కడ సరదాకి కుందేలుని పెంచుకోవడం నేరం. ఇంద్రజాలికులకి మాత్రం అనుమతి దొరుకుతుంది. టోపీలోంచి ఇంకేం తీస్తారు మరి!

ఇక బావకి చెప్పిన ఉపాయం. బొరియలు తవ్వే ఆ కుందేలు కంచె మొదట్లోనే తవ్వుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. అందుకే జాలీ అడుగుభాగాన్ని చేను బయటి వైపుకి జానెడు మడిచి పరుస్తారు. ఎంత గీకినా కాళ్లకి జాలీయే తగులుతుంది. మన చెవులపిల్లి వేరే జాతి. బొరియ తవ్వదు, పొదలోనే పడుకుంటుంది. కాబట్టి లోతుగా గొయ్యి అక్కర్లేదు. జాలీ మడిచి మీద రాళ్లు పేర్చి, సందు లేకుండా చూసుకుంటే చాలు. కన్ను అంగుళంన్నర దాటకూడదు, పిల్లలు దూరతాయి. కరెంటు తీగ మాటే ఎత్తొద్దన్నాను. పందులకని పెట్టిన తీగలకి మనుషులు పోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. ఉచ్చులూ వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

‘‘అంతా బాగుంది. రోజూ చుట్టూ తిరిగి చూసేదెవరు?’’ అన్నాడు బావ. అదీ అసలు ప్రశ్న.

ఆ పెద్ద కంచె ఒక్కసారి మాత్రం ఎవరూ అనుకోని పనికొచ్చింది. కంచె మరమ్మతుల కోసం 1907లో జిగలాంగ్ అనే చోట ఒక మకాం పెట్టారు. అక్కడ ఒక తెల్ల ఉద్యోగికీ ఆదివాసీ తల్లికీ పుట్టిన పిల్ల మోలీ. తెల్లరక్తం కలిసిన ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర ఉంచకూడదన్నది అప్పటి సర్కారు విధానం. 1931లో పద్నాలుగేళ్ల మోలీని, చెల్లెళ్ల వరస అయ్యే డైసీ, గ్రేసీలతో పాటు పట్టుకుపోయి పెర్త్‌కి ఉత్తరాన మూర్ రివర్ శిబిరంలో పడేశారు. పిల్లలు పారిపోయారు. దారి తెలీదు. కానీ ఆ కంచె దొరికితే చాలు, అది ఇంటికే వెళ్తుందని మోలీకి తెలుసు. వెనక పోలీసులు, ముందు 1,600 కిలోమీటర్లు. గ్రేసీ మధ్యలో పట్టుబడింది. మోలీ, డైసీ రెండు నెలలు నడిచి ఇల్లు చేరారు. 2002లో సినిమాగా వచ్చింది ఈ కథే.

సినిమా అయ్యాక కూడా కథ ఉంది. 1940లో మోలీని ఇద్దరు కూతుళ్లతో సహా మళ్లీ అదే శిబిరానికి తీసుకెళ్లారు. మరుసటి ఏడాది ఆమె మళ్లీ పారిపోయింది. ఇద్దర్నీ మోయలేదు. చంటిదాన్ని, అనబెల్‌ని, ఎత్తుకుని జిగలాంగ్ దాకా వచ్చింది. నాలుగేళ్ల డోరిస్ శిబిరంలోనే ఉండిపోయింది. పెద్దయ్యాక తల్లిని వెతుక్కుంటూ వచ్చి, 1996లో ఈ కథని పుస్తకంగా రాసింది డోరిసే. అనబెల్‌ని కొన్నేళ్లకి మళ్లీ పట్టుకుపోయారు. 2004లో మోలీ జిగలాంగ్‌లోనే కన్నుమూసింది. అనబెల్‌ని మళ్లీ చూడలేదు.