వాన లెక్క మన చేతిలో ఉండాల



మొన్న వాల్మీకిపురంలో టీ అంగడి కాడ కూర్చోనుంటే ఇద్దరి మాటలు చెవిన పడినాయి. "ఏమన్నా, మన చిన్నప్పటికీ ఇప్పటికీ వాతావరణం మారిపాయ కదా" అని ఒకాయన. "అవునప్పా, పొద్దున ఎండ, సాయంత్రం వాన, వాతావరణం ఏమీ అర్థం కాలే" అని ఇంకొకాయన. మొదటాయన చెప్పింది ఏండ్ల తరబడి జరిగే మార్పు గురించి. రెండో ఆయన చెప్పింది ఆ ఒక్క రోజు సంగతి. ఇదిగాక, భూమి చుట్టూ ఉండే గాలి పొరను కూడా మనం వాతావరణం అనే అంటాం. మూడు వేరు వేరు సంగతులకు ఒకటే మాట. ఈ కలగాపులగం వల్ల ప్రకృతి సేద్యం చేసే మనం విత్తనమూ పోగొట్టుకుంటా ఉన్నాం, మాట మీద నమ్మకమూ పోగొట్టుకుంటా ఉన్నామని నా అభిప్రాయం.

ముందు నా తప్పు చెప్తా. కొన్నేండ్ల కిందట ఆరుద్ర కార్తెలో ఒక రాత్రి వాన పడింది. రేకుల మీద చప్పుడు వింటే చెరువు నిండినట్టే అనిపించింది. ఫోన్‌లో చూస్తే ఇంకో నాలుగు రోజులు వాన బొమ్మే ఉంది. పొద్దున్నే ఊరంతా "పదునైంది" అన్నారు. బీజామృతం పట్టించి ఉంచిన చెనక్కాయ విత్తనం వేసేసినా. తర్వాత పద్దెనిమిది రోజులు చుక్క పడలేదు. సగం మొలిచి మాడింది, సగం మొలవనేలేదు. ఎవురినీ తిట్టేదానికి లేదు. ఆ రాత్రి ఎంత పడిందని ఎవరన్నా అడిగితే "బాగా పడింది" అనేది తప్ప నా దగ్గర జవాబు లేదు.

ఆ మరుసటేడే వాన కొలిచే డబ్బా కట్టినా. అదే మాదిరి చప్పుడు చేసిన వాన ఒకటి కొలిస్తే 7 మిల్లీమీటర్లు తేలింది. మా ఎర్ర నేలలో తవ్వి చూస్తే తడి మూడు వేళ్ల లోతు కూడా దిగలేదు. జూన్, జూలైలో గాలి విసురుగా కొట్టేటప్పుడు ఒక్క పగట్లోనే ఐదారు మిల్లీమీటర్లు ఆవిరైపోగలవు. అంటే నేను పదును అనుకునింది ఒక పొద్దు తడి.

కార్తె చెప్పేది ఏంది, ఫోన్ చెప్పేది ఏంది

కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడనే లెక్క. అందుకే ఆరుద్ర ఏటా జూన్ 22 ప్రాంతంలోనే వస్తుంది, వాన వచ్చినా రాకపోయినా. పెద్దోళ్లు తరాల తరబడి చూసి, ఈ రోజుల్లో ఇట్లుంటుందని ఒక సగటు కట్టి మనకిచ్చినారు. దీన్నే పాఠం పుస్తకాల్లో శీతోష్ణస్థితి అంటారు. వాతావరణ శాఖ కూడా ఇట్లాంటి పనే అంకెల్లో చేస్తుంది. నైరుతి కాలానికి దేశం సగటు 87 సెంటీమీటర్లు అని 1971 నుంచి 2020 దాకా యాభై ఏండ్ల వానలు చూసి కట్టినారు. ఈ సగటులో 96 నుంచి 104 శాతం పడితే "సాధారణం" అంటారు. అది దేశం మొత్తానికి. చిరపుంజి, జైసల్మేరు, వాల్మీకిపురం అన్నీ కలిపిన లెక్క. టీవీలో "ఈ ఏడు సాధారణ వర్షపాతం" అని వినగానే మన చేను తడిసినట్టు కాదు.

ఫోన్‌లో కనపడేది ఇంకొకటి. రాబోయే మూడు నాలుగు రోజుల వాతావరణం ఎట్లుండొచ్చో అంచనా. పెద్ద వాయుగుండం వస్తా ఉంటే ముందే చెప్పగలుగుతారు. కానీ సాయంత్రం ఉరుముతో వచ్చే వాన ఏ ఊరి మీద పడుతుందో చెప్పడం కష్టం. మా ఊర్లో కుండపోత, రెండు మైళ్ల అవతల దుమ్ము. ఇది మీకూ తెలిసిందే.

కార్తెను చూసి ఏ పంట వేయాలో, ఎప్పుడు సిద్ధంగా ఉండాలో నిర్ణయించండి. ఫోన్ చూసి ఈ వారం పని పెట్టుకోండి. విత్తనం చేతిలోకి తీసుకునే ముందు మాత్రం నేలను అడగండి. ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడినప్పుడే నా మాదిరి మాడిపోతారు.

మన జాగా ఎందుకిట్లుంది

నైరుతి గాలి అరేబియా సముద్రం మీంచి నీళ్లు మోసుకొచ్చి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు చల్లబడి ఆడనే కుమ్మరిస్తుంది. కనుమలు దిగేసరికి గాలి వేడెక్కి, మేఘం పలచబడి మన దాకా వస్తుంది. జూన్, జూలైలో మోడం కమ్ముకుని కూడా కురవకుండా ఊరించేది అందుకే. అక్టోబరు నుంచి బంగాళాఖాతం వైపు గాలి తిరుగుతుంది. ఆ వానలు మొదట తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఎక్కువగా పడి, పడమరకు వచ్చేకొద్దీ తగ్గుతాయి. పాత చిత్తూరు జిల్లా సగటు 900 మిల్లీమీటర్ల పైనే అని రాసుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని మదనపల్లె, పుంగనూరు వైపు మెట్ట సేద్యానికి లెక్క వేసుకోకూడదు.

ఇంకో సంగతి ఎత్తు. కిలోమీటరు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. అందుకే తిరుపతి మాడిపోతా ఉన్నా మనకు మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. ఎండాకాలంలో మదనపల్లె టమాటా దేశమంతా పోయేదానికి ఈ ఎత్తు పెద్ద సాయం.

గాలిలో ఎన్ని నీళ్లున్నాయి

ఇప్పుడు మనోళ్లకు కొంచెం చేదుగా ఉండే మాట చెప్తా. "గాలిలో నది ఉంది, వాన లేకపోయినా పంట పండుతుంది" అని వీడియోల్లో చెప్తా ఉన్నారు. గాలిలో ఆవిరి ఉండేది నిజం. భూమ్మీది నదులన్నింట్లో పారే నీళ్ల కంటే ఎక్కువే ఉంది. కానీ ఆ ఆవిరంతా ఒకేసారి కురిస్తే భూమి మీద సగటున రెండున్నర సెంటీమీటర్లే నిలుస్తుంది. సముద్రం నుంచి, చెట్ల ఆకుల నుంచి మళ్లీ మళ్లీ ఆవిరి లేస్తా ఉండబట్టే వానలు నడుస్తా ఉండేది.

మంచు లెక్క కూడా చూడండి. ఒక రాత్రి మంచు బాగా పడితే సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఎకరాకు ఇది 800 లీటర్లు. "రాత్రికి 800 లీటర్లు ఉచితం" అని చెప్తే ఎవరైనా నోరు తెరుస్తారు. అదే ఎకరాలో ఎదిగిన పంట ఒక పగటికి నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది, అంటే 16 వేల నుంచి 20 వేల లీటర్లు. ఎక్కడి 800, ఎక్కడి 20 వేలు?

పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతిని నేను వదల్లేదు, వదలను. అలసంద, ఉలవ, సజ్జ, కంది మా చేన్లో ఎండాకాలం పచ్చగా నిలిచినాయి. కానీ నా చేన్లో నేను చూసినంతలో వాటిని నిలబెట్టింది ముంగారుకు ముందు పడిన రెండు మూడు జల్లులు, ఆ తడి ఎగిరిపోకుండా కాపాడిన ఆచ్ఛాదన. మంచు చేసింది చిన్న సాయం. ఆచ్ఛాదన నీళ్లు పుట్టించదు, ఉన్న నీళ్లను పోనీదు. ఇంతే చెప్తే చాలదా? ఎక్కువ చెప్పి, పక్క రైతు నమ్మి, వాన లేని ఏడు విత్తనం పోతే ఆయప్ప మళ్లీ మన గడప తొక్కడు.

ఈ మాదిరి గొప్ప నేనూ చెప్పుకున్నా. 2021 నవంబరులో వచ్చిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. 19వ తేదీ చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయిన రోజులవి. మా పక్క చేన్లో టమాటా కుళ్లిపోయింది, నాది నిలిచింది. "చూసినారా ప్రకృతి సేద్యం" అని ఊరంతా చెప్పినా. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, నాది వాలు చేను, ఆయనది పల్లం. ఒక్క ఏటి వాతావరణం చూసి ఏ పద్ధతి గెలిచిందో చెప్పకూడదు. 2018 కరువునూ, 2021 ముంపునూ, మధ్యలో ఏండ్లనూ అన్నింట్లో ఒకే చేను ఏమి చేసిందో రాసి పెట్టుకున్నప్పుడే ఆ మాట అనే హక్కు వస్తుంది.

భూమి వేడెక్కుతా ఉండేది నిజమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందువల్ల కురిసినప్పుడు గట్టిగా కురుస్తుంది, కురవనప్పుడు నేలను ఎక్కువ పీల్చుతుంది. కానీ మా ఊర్లో ఎంత మారిందని అడిగితే, మా తాతలు మాకిచ్చింది జ్ఞాపకమే గానీ అంకె కాదు. వాతావరణ ఆధారిత పంటల బీమాలో కూడా కేంద్రంలో నమోదైన వానే లెక్క. "మా ఊర్లో పడలేదు సార్" అనే నోటిమాటకు బలం ఉండదు. ఊర్లో పది మంది నోటు పుస్తకాలు ఒకే అంకె చెప్తే, అడిగేదానికైనా ఒక ఆధారం ఉంటుంది.

డబ్బా కట్టేది వీడియోలో చూపించినా. అడుగు సమంగా, గోడలు నిట్టనిలువుగా ఉండే ఏ ప్లాస్టిక్ డబ్బా అయినా పనికొస్తుంది. వెడల్పు ఎంతైనా ఫరవాలేదు, లోపల నిలిచిన నీళ్ల లోతు స్కేలుతో కొలిస్తే అదే మిల్లీమీటర్లు. చెట్టుకు, ఇంటికి దూరంగా కట్టండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాసి, నీళ్లు పారబోయండి. వాతావరణ శాఖోళ్లు కూడా ఆ వేళకే చూస్తారు. రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే వాళ్లు దాన్ని వాన రోజుగా లెక్కపెడతారు. నా ఎర్ర నేలకైతే రెండు రోజుల్లో 25 దాటి, పార పెట్టి తవ్వితే జానెడు తడి కనిపిస్తేనే చెనక్కాయ వేస్తా. మీ నేలకు మీ అంకె మీరే కనుక్కోవాల.

నా పుస్తకంలో ఇంకా కొన్నేండ్ల లెక్కే ఉంది. దీనికి ముప్పై ఏండ్లు నిండేసరికి రాసేది మా పిల్లోళ్లు అయి ఉంటారు. అయినా రాస్తా ఉన్నా. మీ ఊర్లో మొన్నటి వాన ఎంత పడింది? "బాగా పడింది" అని కాదు, మిల్లీమీటర్లలో కింద రాయండి.