వేదిక వెనుక నుంచి: తొమ్మిది వోల్టుల ముచ్చట

పండుగ పూట పచ్చడి గురించో పంచాంగం గురించో రాయక ఈ బ్యాటరీల గోల ఏమిటండీ అని మీరు అడగవచ్చు. ఒకప్పుడు మన వేదికలకు హార్మోనియం, తబలా ఉంటే సరిపోయేది. ఇప్పుడు పిల్లలు గిటారు మెడలో వేసుకుని, కాళ్ల దగ్గర నాలుగు రంగుల డబ్బాలు పరుచుకుంటున్నారు. కార్యక్రమాలకు మైకులూ తీగలూ చూసుకునేవాణ్ణి కనుక, ఆ డబ్బాలకు ప్రాణం ఎక్కడినుంచి వస్తుందో తల్లిదండ్రులకు చెప్పాలనిపించింది.

వీటిని ఎఫెక్ట్స్ పెడల్స్ అంటారు. కాలితో నొక్కితే ఒకటి గిటారు స్వరాన్ని గరగరలాడిస్తుంది, ఇంకొకటి గుహలో పాడినట్టు ప్రతిధ్వని ఇస్తుంది. 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అనే పెడల్ మార్కెట్లోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ఒక పాటలో దాన్ని వాడాక లోకమంతా దానికోసం ఎగబడింది. విద్యుత్ వాద్యం మనదికాదని పెద్దలు ముఖం చిట్లించనక్కరలేదు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ మీదే కర్ణాటక సంగీతాన్ని దేశదేశాలూ తిప్పారు కదా!

ఇక లెక్కలోకి వద్దాం. చాలా పెడల్స్‌కు కావలసింది 9 వోల్టులు. ఆ చిన్న చదరపు బ్యాటరీ విప్పి చూస్తే లోపల ఒకటిన్నర వోల్టుల ఘటాలు ఆరు ఉంటాయి. మంచి ఆల్కలైన్ రకమైతే సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్ల సరుకు దానిలో ఉంటుంది. గరగర పెడల్ 10 మిల్లీ ఆంపియర్లు తాగితే దాదాపు 50 గంటలు వస్తుంది. అదే డిజిటల్ ప్రతిధ్వని పెడల్ 60 మిల్లీ ఆంపియర్లు తాగితే ఎనిమిది గంటలు గగనమే. రీచార్జి చేసుకునే నికెల్ రకంలో సరుకు ఇంకా తక్కువ, సుమారు 200.

చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. చాలా పెడల్స్‌లో గిటారు వైరు గుచ్చగానే బ్యాటరీ కలుస్తుంది. కాలితో ఆపినా, వైరు ఉన్నంతసేపూ కరెంటు కారుతూనే ఉంటుంది. సాధన అయ్యాక వైరు పీకేస్తే సగం ఖర్చు తగ్గినట్టే. రెండోది మన ఎండ. వేసవిలో అజ్మాన్ వీధిలో నిలిపిన కారు లోపల పొయ్యిమీది పెనంలా ఉంటుంది. వేడికి బ్యాటరీ వాడకుండానే నీరసిస్తుంది, కారిపోనూవచ్చు. నెలల తరబడి పక్కన పెట్టే పెడల్‌లోంచి బ్యాటరీ తీసి దాచండి.

వారం వారం వాయించేవారికి అడాప్టరే చౌక. కొనేముందు దానిమీద మూడు సంగతులు చదవండి. వోల్టులు సరిగ్గా పెడల్ అడిగినన్నే ఉండాలి. మిల్లీ ఆంపియర్లు అడిగినదానికంటే ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. ఇక ధ్రువం. పెడల్స్‌లో ఎక్కువభాగం మధ్య మొన మైనస్‌గా ఉంటుంది, ఇంట్లో పడి ఉండే ఇతర అడాప్టర్లలో చాలావాటికి మధ్య మొన ప్లస్. తిరగేసి గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. నాలుగు పెడల్స్‌కు ఒకే అడాప్టరునుంచి గొలుసు వైరు వేసినప్పుడు కీచుమనే సన్నటి చప్పుడు వస్తే, డిజిటల్ పెడల్‌కు వేరే దారి ఇవ్వండి. విడివిడి అవుట్‌పుట్లున్న సప్లై కొనగలిగితే మరీ మంచిది.

ఇప్పుడు అసలు మాట. అజ్మాన్‌లోనూ మన ఊళ్లోనూ ఇంటి కరెంటు 230 వోల్టులే, కానీ ప్లగ్గు ఆకారం వేరు. ఊరినుంచి తెచ్చిన గుండ్రటి రెండు మొనల ప్లగ్గును, పై రంధ్రంలో పెన్ను మూత పొడిచి బలవంతంగా దూర్చడం మన ఇళ్లలో పరిపాటి. ఇక్కడి మూడు మొనల ప్లగ్గులో ఫ్యూజు ఉంటుంది, పొడవాటి ఎర్త్ మొన ఉంటుంది. ఆ పెన్ను మూతతో ఆ రెండు రక్షణలూ పోతాయి. అమెరికా బంధువులు ఇచ్చిన 120 వోల్టుల అడాప్టరైతే, కన్వర్టర్ ప్లగ్గు దాని ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టులను మార్చదు.

ఇంతకంటే ప్రమాదం, స్పీకరులో హమ్ వస్తోందని యాంప్లిఫయర్ ఎర్త్ తీగ పీకేయడం. పండుగ సంచికలో చావు కబురేమిటని కోప్పడకండి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు, ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదికమీదే ప్రాణం విడిచాడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఎవరినీ ఏమీ చేయదు. అయితే పిల్లవాడి చేతిలోని తీగలు యాంప్లిఫయర్ ద్వారా గోడలోని 230 వోల్టులకు చుట్టాలే. వేళ్లు తీగలమీద, పెదవులు మైకుమీద ఉన్నప్పుడు మధ్యలో కాపాడేది ఆ ఎర్త్ ఒక్కటే. హమ్ వస్తే యాంప్లిఫయర్, పెడల్స్, మిక్సర్ అన్నీ ఒకే ఎర్త్ ఉన్న సాకెట్‌నుంచి తీసుకోండి, వైర్లు మార్చి చూడండి. ఎర్త్ జోలికి మాత్రం పోవద్దు.

వచ్చే కార్యక్రమానికి పిల్లలు ఒక కొత్త బ్యాటరీ, మూడు మొనల ప్లగ్గూ వెంట తెచ్చుకుంటే చాలు. మిగతా తీగల సంగతి నేను చూసుకుంటాను. మీరు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టండి.